గోషా ఇంట్లో సోదా

పోలీసు సబ్-ఇన్‌స్పెక్టరు గుమ్మానికి వేలాడుతున్న ఆకుపచ్చ పరదా ముందు నిలబడి, లోపలి ఆడవాళ్ళకు వినబడేట్టు గట్టిగా చెప్పాడు. మేజిస్ట్రేటు ఇచ్చిన వారంటు మీద ఇల్లు సోదా చెయ్యడానికి వచ్చామనీ, బయటివాళ్ళ కంటపడని ఆడవాళ్ళు లోపల ఉంటే పక్కకు తప్పుకోవచ్చుననీ, అందుకు కావలసినంత సేపు ఆగుతామనీ ఆ మాటల సారాంశం. గోషా పాటించే ఇంట్లో అడుగుపెట్టే ముందు ఈ హెచ్చరిక చెప్పి తీరాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడులో ఉంది. అది 1934 మాఘమాసం. ఏలూరులో తివాచీలు నేసేవాళ్ళ వీధి. నేను అప్పటికి ఏడాదిగా ఏలూరులో ఉంటూ, మద్రాసు నుంచి వచ్చే ఒక తెలుగు దినపత్రికకు పశ్చిమ గోదావరి జిల్లా విలేఖరిగా పనిచేస్తున్నాను. సోదా జరిగిన ఇంటికి ఎదురుగానే నా అద్దె గది.

కాసేపటికి పరదా కదిలింది. ముగ్గురు ఆడవాళ్ళు తల మీంచి పాదాల దాకా దుప్పట్లు కప్పుకుని వచ్చి వరండాలో చాప మీద వరసగా కూర్చున్నారు. సోదాకు సాక్షులుగా తెచ్చిన ఇద్దరు పెద్దమనుషులు మర్యాదకు వీధి వైపు తిరిగి నిలబడ్డారు. పోలీసు పరిభాషలో వాళ్ళను మధ్యవర్తులంటారు. సబ్-ఇన్‌స్పెక్టరు తన వెంట వచ్చిన గ్రామ మునసబును ముందుకు రమ్మన్నాడు. కొల్లేటి ఒడ్డున ఒక ఊరికి ఆయన మునసబు. ఆ ఊరి పెద్ద రైతు భార్య ఇంట్లోంచి మాయమైందనీ, ఈ సాయిబుల ఇంట్లో ఆమెను నిర్బంధించారనీ భర్త ఫిర్యాదు చేశాడు. ఆమెను గుర్తుపట్టి చూపించడానికి తాను రాకుండా మునసబును పంపాడు. ఇంకొకరి గుమ్మం ముందు నిలబడి నా భార్య ఫలానా అని వేలు పెట్టి చూపించడం ఆయనకు చిన్నతనం.

ఈ ముగ్గురిలో ఆవిడ ఎవరో చెప్పమని సబ్-ఇన్‌స్పెక్టరు అడిగాడు. మునసబు ఒకసారి చాప వైపు చూసి తల దించుకున్నాడు.

"ఎలా చెప్పమంటారండీ? వారింట్లో ఆడవాళ్ళు గోషా కదండీ. ఆవిడ కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ మేమెవరం మొహం చూసిన పాపాన పోలేదు."

"మరి గుర్తుపడతారనేగా మిమ్మల్ని పంపించింది?"

"బండయితే గుర్తుపడతానండీ," అన్నాడు మునసబు.

మధ్యవర్తుల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. భర్తకు కబురు పెట్టడమా, ఉత్త చేతులతో తిరిగి వెళ్ళడమా అని సబ్-ఇన్‌స్పెక్టరు ఆలోచిస్తున్నాడు. అప్పుడు మధ్యన కూర్చున్నామె దుప్పటి తల మీంచి భుజాల మీదికి జార్చింది. పాతికేళ్ళు ఉంటాయేమో. ఎడమ చెంప మీద నీలి మచ్చ పసుపు రంగులోకి తిరుగుతోంది. ఆమె ఎవరి మొహమూ చూడకుండా, వరండా స్తంభం వైపు చూస్తూ చెప్పింది.

"నేనేనండీ. నన్నెవరూ తీసుకురాలేదు. నేనే నడిచి వచ్చాను."

ఆ మాట వెనక ఉన్న సంగతి చెప్పాలంటే ముందురోజు సాయంత్రానికి వెళ్ళాలి. ఆమెను సుభద్ర అంటాను. అది ఆమె అసలు పేరు కాదు. ఊరి పేరూ, భర్త పేరూ రాయను.

ముందురోజు సాయంత్రం ఈ మునసబుగారే నా గదికి వచ్చాడు. శిస్తు వసూలు దగ్గర్నుంచి పోలీసులకు కబురు అందించడం దాకా ఊళ్ళో అన్ని పనులూ మునసబువే కాబట్టి, పేపరుకు కబురు అందించడం కూడా తన పనే అనుకున్నాడు పాపం. మంచి మనిషే. మంచినీళ్ళు తాగి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, శీర్షికతో సహా వార్త చెప్పాడు. హిందూ కుటుంబ స్త్రీని అపహరించారు, సాయిబుల ఇంట్లో నిర్బంధించారు, రేపు పొద్దున్నే పోలీసు సోదా. వెంటనే టెలిగ్రాం కొట్టమన్నాడు. పత్రికా విలేఖరులకు తంతి ఆఫీసులో ప్రెస్ కార్డు మీద తక్కువ రేటు ఉండేది. ఆ సంగతి కూడా ఆయన కనుక్కునే వచ్చాడు.

ఆ రోజుల్లో అలాంటి శీర్షిక ఒకటి అచ్చుపడితే, రెండు వీధుల వాళ్ళు కర్రలు పట్టుకోవడానికి ఇంకో కారణం అక్కర్లేదు. ఆ రెండు వీధుల మధ్యే నేను రోజూ కాఫీకి వెళ్ళేవాణ్ణి. కానీ నేను ఆగింది ఆ భయంతో కాదు, అలవాటుతో. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా పత్రిక సబ్-ఎడిటరు ఒక నియమం పెట్టాడు. ఎవరి గురించి వార్త రాస్తున్నావో ఆ మనిషి నోటి మాట ఒక్కటైనా లేకుండా పంపొద్దు, పంపితే చెత్తబుట్టలో వేస్తాను అని. రెండుసార్లు వేశాడు కూడా. అందుకని ఆవిడతో ఎవరైనా మాట్లాడారా అండీ అని మునసబును అడిగాను. గోషా మనిషితో మనమెలా మాట్లాడతామండీ అని ఆయన ఆశ్చర్యపోయాడు.

ఆయన్ని సాగనంపి వీధి దాటాను.

ఎదురింటి మస్తాన్ సాహెబు తివాచీలు నేస్తాడు. ఆయన భార్య హుస్సేన్‌బీ రవికలు కుడుతుంది. వాళ్ళ కోడలు కూడా ఆ ఇంట్లోనే ఉండేది. గోషా ఇళ్ళల్లోకి మగ దర్జీ వెళ్ళలేడు కాబట్టి, కొల్లేటి చుట్టూ ఉన్న పెద్ద రైతుల ఇళ్ళకు ఆమే వెళ్ళి కొలతలు తీసుకునేది. గణపవరం నుంచి ఇవతల ఎన్ని దొడ్డిగుమ్మాలున్నాయో ఆమెకు తెలుసు. అరవైకి దగ్గరపడిన మనిషి, ఎవరినీ లెక్కచెయ్యదు. నేను గుమ్మం ముందు నిలబడేసరికి పరదా వెనక నుంచే నన్ను పోల్చుకుంది.

"ఏం పేపరు బాబుగారూ, మీ చొక్కా గుండీ ఇంకా వేలాడుతూనే ఉందే. మీ పేపర్లో వార్తల్లాగ ఒక్క దారం మీద."

మునసబుగారు నా గదికి వచ్చిన సంగతీ, రేపటి సోదా సంగతీ చెప్పాను. మగ్గం చప్పుడు ఆగిపోయింది. మస్తాన్ సాహెబు లోపల్నుంచి వచ్చి వరండాలో కూర్చున్నాడు. చేతివేళ్ళకు ఎర్ర ఉన్ని పీచు అంటుకుని ఉంది. నెమ్మదస్తుడు. జైలంటే తనకు భయం లేదనీ, మగ్గం మీద తివాచీ సగంలో ఉందనీ, అది ఇచ్చేశాక అయితే ఎప్పుడు పట్టుకెళ్ళినా సరేననీ అన్నాడు. పరదా వెనక నుంచి హుస్సేన్‌బీ, నువ్వు జైలుకెళితే మగ్గం మీద నేను కూర్చుంటాలే, నీకంటే బిగువుగా నేస్తాను, అంది. ఆయన నవ్వాడు గానీ వేళ్ళకున్న పీచు తీసుకోవడం మరచిపోయాడు.

ఆ అమ్మాయి ఇక్కడ ఉన్నట్టు నాకు చెప్పాలా వద్దా అని మొగుడూ పెళ్ళాలు కాసేపు తటపటాయించారు. చివరికి హుస్సేన్‌బీ చెప్పింది. ఆ కథ నేను ఆమె చెప్పిన వరసలోనే రాస్తాను.

సుభద్ర పెళ్ళయి వచ్చిన మొదటి ఏడాది మోచేతి పై దాకా ఉండే రవికలు కుట్టించుకుంది. మరుసటి ఏడు మోచేతి దాకా కావాలంది. ఆ తరవాత మణికట్టు దాకా. ఫ్యాషను అనుకుంది హుస్సేన్‌బీ. వేసవిలో కూడా మణికట్టు దాకా అంటే అనుమానం వచ్చింది. ఒకసారి భుజం కొలత తియ్యడానికి చెయ్యి పైకెత్తమ్మా అంటే ఆ అమ్మాయి సగం ఎత్తి ఆగిపోయింది. అత్తగారు అక్కడే పీట వేసుకుని కూర్చుని ఉంది. కొలతలు తీసేటప్పుడు హుస్సేన్‌బీకి దారం పళ్ళ మధ్య పట్టుకునే అలవాటు ఉంది. పెదవులు కదిలినా ఎవరికీ తెలియదు. వీపు వైపు నిలబడి, ఆ దారం పట్టుకునే చెప్పింది. ఏలూరులో తివాచీ మగ్గాల వీధి, ఆకుపచ్చ పరదా, ఎప్పుడైనా సరే. తరవాత అత్తగారికి వినబడేట్టు, కొలత సరిగ్గా రాలేదు మళ్ళీ వస్తానమ్మా, అంది. అలా కొలత సరిగ్గా రాక ఆమె ఆ ఇంటికి చాలాసార్లు వెళ్ళింది. ముసలిదానికి చూపు తగ్గిందని ఆ ఇంట్లో వాళ్ళు నవ్వుకునేవారట.

"నవ్వుకోనీ. చూపు తగ్గితే ఇవన్నీ ఎలా చూశానో ఆలోచించలేదు," అంది హుస్సేన్‌బీ.

ఆ అమ్మాయితో మాట్లాడవచ్చా అని అడిగాను. లోపల చాలాసేపు గుసగుసలు వినిపించాయి. పరదాకు అటువైపు చాప పరిచిన చప్పుడు, గాజుల చప్పుడు. తరవాత మెల్లగా, చదువుకున్న పిల్ల మాట్లాడినట్టు ఒక గొంతు వినిపించింది. అడగండి, అంది.

నా ప్రశ్నలు కొన్ని తెలివితక్కువవే. ఎందుకు కొట్టేవాడని అడిగాను. కారణం తెలిస్తే ఆ పని మానేసేదాన్ని కదండీ, అంది. అన్నగారు తాడేపల్లిగూడెంలో ఉన్నారట కదా, అక్కడికి ఎందుకు వెళ్ళలేదని అడిగాను. రెండుసార్లు వెళ్ళిందట. రెండుసార్లూ నాలుగు రోజులు ఉంచుకుని, కొత్త చీర పెట్టి, సర్దుకుపొమ్మని చెప్పి, బండి కట్టించి పంపారు. ఆ బండి తిరిగి వెళ్ళిన రెండుసార్లూ ఇంటిదగ్గర కొట్టడం మునుపటి కంటే ఎక్కువైంది. నేను అడక్కుండానే ఆమె ఒక మాట చెప్పింది. అన్నయ్య చెడ్డవాడు కాదండీ, ఆయన నన్ను పంపేటప్పుడు ఏడ్చాడు కూడా, అంది.

మరి ఇక్కడికి ఎలా వచ్చారని అడిగాను. మూడు రోజుల కిందట, దొడ్డిగుమ్మానికి చేపలు తెచ్చే ఆడమనిషి ఒకతె తెల్లవారుతూనే దోనెలో కొల్లేరు దాటించి ఇవతలి గట్టున దింపింది. ఆ మనిషి పేరు సుభద్ర చెప్పలేదు, నేనూ అడగలేదు. గట్టు దగ్గర్నుంచి ఏలూరు దాకా నడక. ఆమె పుట్టి బుద్ధెరిగాక రోడ్డు మీద నడిచింది అదే మొదటిసారి. దారి ఎలా తెలిసిందంటే ఆమె చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ మరపు రాదు. ఏలూరు ఆసుపత్రికి ఆమెను ఒకటి రెండుసార్లు ఆ గట్టు మీదుగానే బండిలో తీసుకువచ్చారు. బండికి ముందూ వెనకా పరదాలు. ముందు పరదా బండివాడి వైపు కాబట్టి కదిలించకూడదు. వెనక పరదా సందులోంచి మాత్రం చూసేది. అంటే ఆమె చూసినదంతా వెనక్కి పోయే దారే. అందుకని గట్టు మీద నడుస్తూ కొంత దూరం పోయాక ఆగి, వెనక్కి తిరిగి చూసేదట. తాను పరదా సందులోంచి చూసిన తాటిచెట్ల గుంపూ, వంతెనా, వాటి వెనక కొల్లేటి నీళ్ళూ అలాగే కనిపిస్తే దారి సరైనదే అనుకుని మళ్ళీ ముందుకు తిరిగి నడిచేది.

"జనం నన్ను పిచ్చిదనుకుని ఉంటారండీ. ఎవరైనా తరుముకొస్తున్నారా అని ఒకావిడ అడిగింది. లేదండీ, దారి చూసుకుంటున్నాను అన్నాను."

చెప్పులు లేవు. కాళ్ళు బొబ్బలెక్కాయి. హుస్సేన్‌బీ పసుపు నూనె రాసి గుడ్డ కట్టింది. వంట మాత్రం తాను చెయ్యలేదనీ, ఆచారం ఉన్న పిల్ల కదా అని కుండా బియ్యమూ వేరే ఇచ్చి దొడ్లో పొయ్యి వెలిగించి ఇచ్చాననీ చెప్పింది. మొదటి పూట సుభద్ర అలాగే వండుకుంది. రెండో పూట, మీరు తినేదే నాకూ పెట్టండి పిన్నిగారూ, అందట.

ఇప్పుడు నా వృత్తికి సంబంధించిన విషయం చెప్పాలి. వాళ్ళ ఆలోచన ఏమిటంటే తెల్లవారకముందే సుభద్రను ముసుగు వేసి దెందులూరులో హుస్సేన్‌బీ చెల్లెలింటికి పంపించెయ్యాలని. బండి కూడా మాట్లాడారు. నేను కోర్టు వార్తలు రాసి రాసి కొన్ని సెక్షన్లు నోటికి వచ్చినవాణ్ణి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇంటికి అన్నిసార్లు వచ్చిపోయిన కుట్టుమనిషి మీద అనుమానంతో భర్త వాడింది సెక్షన్ నూరు. ఎవరినైనా అక్రమంగా నిర్బంధించారని మేజిస్ట్రేటుకు నమ్మకం కలిగితే ఆ మనిషిని వెతికి తెమ్మని వారంటు ఇస్తాడు. దొరికిన మనిషిని వెంటనే మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, ఆయన తగిన ఉత్తర్వు వెయ్యాలి. భర్తకు అప్పగించాలని అందులో లేదు. కానీ ఆమె దొరక్కుండా దాక్కుంటే, దాచినవాళ్ళ మీద వేరే సెక్షన్ ఉంది. పెళ్ళయిన స్త్రీని దురుద్దేశంతో తీసుకుపోవడం, దాచి ఉంచడం నేరం. దురుద్దేశం రుజువు కావాలి నిజమే, కానీ రుజువవుతుందా కాదా అని తేలేలోపు మస్తాన్ సాహెబు లాకప్పులో ఉంటాడు. అప్పట్లో కొట్టే మొగుడి ఇంటి నుంచి వచ్చిన ఆడదానికి ఇరుగుపొరుగువాళ్ళు తలుపు తియ్యకపోవడానికి సగం కారణం ఈ సెక్షనే.

పరదా వెనక గాజులు ఇంకాస్త దగ్గరగా వినిపించాయి. తరవాత ఆ గొంతు అడిగింది.

"ఆ మేజిస్ట్రేటు గారు నన్ను అడుగుతారాండీ? నన్నే?"

అడగాలి, అన్నాను.

"మా ఆయన్ని అడిగి ఊరుకోరు కదా?"

ఊరుకోరని నేను మాట ఇవ్వలేననీ, చట్టంలో మాత్రం అలా ఉందనీ చెప్పాను. అబద్ధం చెప్పి ధైర్యం ఇవ్వడం సులువే. కానీ మర్నాడు నిలబడాల్సింది ఆమె, నేను కాదు. కాసేపటికి హుస్సేన్‌బీ వీధిలోకి తొంగిచూసి, బండి వద్దని చెప్పిరండి బాబూ, అంది. నేనే వెళ్ళి బండివాడికి చెప్పాను. ఆ రాత్రి టెలిగ్రాం ఇవ్వలేదు.

తెల్లవారి జరిగింది మొదట్లోనే రాశాను. సుభద్ర ఆ మాట చెప్పగానే సబ్-ఇన్‌స్పెక్టరు ఆమె చెప్పినది చెప్పినట్టు మధ్యవర్తుల నివేదికలో రాయించాడు. వీధి వైపు తిరిగి ఉన్న మధ్యవర్తులు, విన్నామా లేదా అని ఆయన రెట్టించి అడిగితే, చూడలేదు గానీ విన్నామండీ అన్నారు. మునసబుగారు, ఇక నేను వెళ్ళొచ్చా అండీ, అని అడిగాడు. ఆమెను మేజిస్ట్రేటు ఆఫీసుకు తీసుకెళ్ళడానికి జట్కా పిలిపించారు. జట్కావాడు అలవాటు ప్రకారం రెండు వైపులా పరదా దించాడు. సుభద్ర ఎక్కి కూర్చుని, ముందు పరదా పైకి కట్టెయ్యమంది. హుస్సేన్‌బీ తన ముసుగు తీయకుండా ఆమె పక్కన కూర్చుంది. వాళ్ళిద్దరూ అలా వెళ్ళడం వీధిలో అందరూ చూశారు.

మేజిస్ట్రేటు మధ్యవయస్కుడు, తొందరలేని మనిషి. భర్త ప్లీడరుతో వచ్చాడు. తెల్లటి బట్టలు, మర్యాదైన మాట. కొంచెం చెయ్యి చేసుకున్న మాట నిజమేననీ, ఏ సంసారంలో లేదనీ, ఆమెకు సాయిబులు మందు పెట్టి ఉంటారనీ చెప్పాడు. మేజిస్ట్రేటు ఆయన్ని బయట కూర్చోమన్నాడు. ప్లీడరు అభ్యంతరం చెపితే, మీరు ఆయనతో పాటు కూర్చోండి, అన్నాడు. సుభద్రను కుర్చీలో కూర్చోమని, మిమ్మల్ని ఎవరైనా బలవంతంగా ఉంచారా అని అడిగాడు. లేదంది. భర్తతో వెళ్తారా అని అడిగాడు. వెళ్ళనంది. కారణం అడిగితే చెప్పకుండా మణికట్టు దగ్గర రవిక చెయ్యి పైకి మడిచింది. మోచేతి దాకా మడిచాక మేజిస్ట్రేటు చాలమ్మా అన్నాడు. గుమాస్తా కలం ఆపి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

అన్నగారికి టెలిగ్రాం ఇచ్చారు. మధ్యాహ్నం రైలుకు తాడేపల్లిగూడెం నుంచి వచ్చాడు. చెల్లెల్ని చూసి తలగుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తనతో పంపించమనీ, బాధ్యత తనదనీ మేజిస్ట్రేటుకు దణ్ణం పెట్టి అడిగాడు. అందరికీ అదే సబబుగా తోచింది. మేజిస్ట్రేటు కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించాడు. ఆయన సుభద్ర వైపు చూస్తే ఆమె లేచి నిలబడింది.

"అక్కడికి వెళితే మళ్ళీ బండి కడతారండీ."

అన్నగారు కాదనలేదు.

మేజిస్ట్రేటు ఉత్తర్వు రెండు వాక్యాలు. ఈ స్త్రీ ఎవరి నిర్బంధంలోనూ లేదు, ఈమె తన ఇష్టం వచ్చిన చోటికి వెళ్ళవచ్చు. గుమాస్తా చదివి వినిపించాడు. అప్పుడు మేజిస్ట్రేటే ఎవరినీ ఉద్దేశించకుండా, ఇష్టం వచ్చిన చోటు అంటే ఎక్కడ, అన్నాడు. హుస్సేన్‌బీ ఇంటికి పంపితే మస్తాన్ సాహెబు మీద ఆ రెండో సెక్షన్ కింద ప్రైవేటు ఫిర్యాదు తప్పదని ప్లీడరు అప్పటికే వినబడేలా అన్నాడు. ఊళ్ళో ఆడమనిషి తనంతట తాను వెళ్ళి ఉండగల చోటు ఏదీ లేదు. సత్రంలో ఒంటరి ఆడదాన్ని ఉంచుకోరు. కొంచెంసేపు ఆలోచించి ఆయన ఆమెను గాయాల సర్టిఫికెట్టు కోసం ఆడవాళ్ళ ఆసుపత్రికి పంపాడు. సర్టిఫికెట్టుకు ఒక పూట చాలు. కానీ ఆ చీటీలో పడక ఖాళీ ఉంటే చేర్చుకోవలసిందని తన చేత్తో ఒక మాట కలిపాడు.

లేడీ డాక్టరు గట్టి మనిషి. చేర్చుకుంది. భుజం కీలు పాత దెబ్బ, పరిశీలనలో ఉంచాలి అని రాసింది. భర్త తరఫున ప్లీడరు వచ్చి ఎప్పుడు డిశ్చార్జి చేస్తారని అడిగితే, చెయ్యి పైకెత్తినప్పుడు, అని చెప్పింది. నేను వార్త కోసం వెళ్ళినప్పుడు నాతోనూ అంతే చెప్పింది. ఆ పరిశీలన వర్షాకాలం దాకా సాగింది. హుస్సేన్‌బీ రోజు విడిచి రోజు వెళ్ళి మంచం పక్కన కూర్చుని, ఏదీ కొలత చూద్దాం, అనేది. సుభద్ర చెయ్యి ఎత్తేది. మొదట్లో భుజం దాకా. తరవాత చెవి దాకా. ఒకరోజు పూర్తిగా పైకెత్తింది. ముసలామె దారం పళ్ళ మధ్య పట్టుకుని, ఇప్పుడే ఎవరికీ చెప్పకు, ఇంకో నెల నొప్పిగానే ఉందను, అందట. పక్క మంచాల వాళ్ళు విని నవ్వారు. ఒక్కరూ బయటికి చెప్పలేదు.

ఆ నెలల్లోనే ఆమె ఆసుపత్రి దుప్పట్లూ, కట్లకు గుడ్డలూ కుట్టడం మొదలుపెట్టింది. తరవాత అదే ఆమెకు ఉద్యోగమైంది. ఒక నర్సుతో కలిసి ఆసుపత్రి వెనక ఒక గదిలో ఉండేది. అన్నగారు అప్పుడప్పుడు తాడేపల్లిగూడెం నుంచి వచ్చి గేటు దగ్గర కూర్చుని వెళ్ళేవాడు. కొన్నాళ్ళకు ఆమె ఆయనకు గదిలో భోజనం పెట్టడం మొదలుపెట్టింది. బజారులో ఒకసారి నేను ఆమెను దారం కొనుక్కుంటుండగా చూశాను. నాలుగు రంగులు వెలుతురుకు పెట్టి చూసి, నచ్చక, పక్క కొట్టుకు నడిచి వెళ్ళింది. తొందర ఏమీ లేదు. నన్ను చూసి, బాగున్నారాండీ, మీ గుండీ కుట్టించుకున్నట్టున్నారే, అంది.

ఇక నేను పంపిన వార్త. మునసబుగారు చెప్పిన మాట ఎత్తుకుపోయారు అని. ఆ ఊళ్ళో జనం అనుకున్న మాట లేచిపోయింది అని. ప్లీడరు అర్జీలో రాసిన మాట మాయమైంది అని. అన్నగారి మాట అలిగి వచ్చింది అని. ఇల్లు విడిచిన ఆడదాని గురించి రాయడానికి మా పత్రికల్లోనూ అప్పటికి ఉన్న క్రియలు ఇవే. ప్రాణం కాపాడుకోవడానికి వచ్చింది అనే అర్థమున్న క్రియ వాటిలో లేదు. నేను ఆమె మాటే రాశాను. భర్త కొట్టగా ఒక స్త్రీ కొల్లేటి ప్రాంతం నుంచి ఏలూరుకు నడిచి వచ్చిందనీ, మేజిస్ట్రేటు ఆమెకు స్వేచ్ఛ ఉన్నదని ఉత్తర్వు వేశారనీ. ఆశ్రయమిచ్చిన వాళ్ళ పేరుగానీ, మతంగానీ రాయలేదు. డెస్కులో సబ్-ఎడిటరు వార్త ముట్టుకోలేదు. శీర్షిక మాత్రం కుటుంబ కలహం అని పెట్టాడు. ఆయన దగ్గర కూడా అంతకంటే మాట లేదు.

ముప్పై ఏళ్ళు పత్రికల్లో పనిచేశాక ఆ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నదేమిటో చెప్పగలను. ఒక మనిషికి జరిగినదాని గురించి రాసేటప్పుడు ఆ వాక్యంలో పని చేసింది ఎవరో ముందు చూడాలి. నలుగురు నాలుగు క్రియలు తెచ్చి ఇస్తారు. అందరూ నిజాయితీగానే ఇవ్వవచ్చు. అయిదో మనిషిని అడిగేదాకా ఆగాలి. ఆ మనిషి పరదా వెనక ఉంటే, పరదా ఇవతల కూర్చుని అడగాలి. ఇది తరవాత నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ చెప్పాను.

భర్త మరుసటి ఏడాది మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. అప్పటి చట్టం ప్రకారం అది నేరం కాదు. కొత్తగా వచ్చినావిడ ఎవరో దూరపు ఊరి పిల్ల అన్నారు. ఆమె కూడా గోషాయే. హుస్సేన్‌బీని ఆ ఇంటి దొడ్డిగుమ్మం కూడా తొక్కనివ్వలేదు. రవికలు ఇంకెవరో కుడుతున్నారని చెప్పారు. నేను ఏలూరులో ఉన్నన్నాళ్ళూ ఆ ఊరి నుంచి వచ్చినవాళ్ళను ఆ కొత్త పిల్ల గురించి అడుగుతూనే ఉన్నాను. బండి చూశామన్నవాళ్ళున్నారు. ఆమెను చూసినవాళ్ళు ఒక్కరూ కనిపించలేదు. ఆమె పేరేమిటో ఈనాటికీ నాకు తెలియదు.